మాటలకు ఊరు అడిగిన సారు

‘ఇంగ్లీష్ సార్ ఎక్స్‌పైర్డ్’ అని మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను మణుగూరులో, బ్యాంకు కౌంటర్లో ఉన్నాను. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, పువ్వులు. ఒకడైతే తొందరలో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, ఎవరో తిట్టాక తీసేశాడు. ఎదురుగా పింఛను కోసం నిలబడ్డ ముసలమ్మను కాస్త ఆగమని, నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను.

ఎందుకంటే ఆ మాట మాకు చెప్పింది సారే. మందు సీసా మీద రాసే మాటను మనిషికి ఎలా వాడతారని క్లాసులో ఎవరో అడిగారు. సారు గట్టిగా ఊపిరి పీల్చి, కళ్ళు మూసుకుని, మెల్లగా బయటికి వదిలారు. “ఇదే ఆ మాట. ఊపిరి బయటికి పోవడం. పుట్టింది ఊపిరి దగ్గర, మందు సీసా తర్వాత వచ్చి తగులుకుంది” అన్నారు. ఇక చూడండి, క్లాసంతా పోటీపడి ఊపిరి వదలడమే. పక్క గదిలోంచి లెక్కల సారు వచ్చి గుమ్మంలో నిలబడేదాకా ఆపలేదు. ఇప్పుడు ఆయన ఊపిరే పోయిందని, ఆ రోజు అందరికంటే గట్టిగా బుసకొట్టినవాడే గ్రూపులో రాశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ముసలమ్మ నా ముఖం చూసి కంగారుపడి, “ఏందమ్మా, మిషిను పని చేస్తలేదా?” అంది.

సారు పేరు ఇక్కడ రాయను. రాసినా మా బ్యాచ్‌లో సగం మందికి ఆ పేరు కొత్తగానే ఉంటుంది. జూలూరుపాడు వైపు, అడవి అంచున ఉన్న ఒక సర్కారు జూనియర్ కాలేజీలో ఆయన ఇంగ్లీషు సారు, అంతే. మధిర దిక్కు మనిషి. మేము ‘ఏంది’ అంటే ఆయన ‘ఏంటి’ అనేవారు. కొత్తగూడెంలో గది కిరాయికి తీసుకుని, రోజూ పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీటు కోసం కూలీలతో సమానంగా తోసుకుంటూ ఎక్కేవారు.

మనిషి ఎలా ఉండేవారో చెప్పాలంటే కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ‘స్లిమ్’ అంటే ఒప్పుకునేవారు కాదు, అది సినిమావాళ్ళ మాట. ‘స్కిన్నీ’ అంటే వెక్కిరింపు. ‘లీన్’ అంటే కండ ఉండి కొవ్వు లేకపోవడం, ఎద్దుల సంతలో బాగుంటుంది. తనకు సరిపోయే మాట ‘స్పేర్’ అని ఆయనే తేల్చుకున్నారు. అవసరానికి మించి ఒంటిమీద ఏమీ లేని మనిషి అని అర్థం చెప్పి తెగ మురిసిపోయారు. వెనక బెంచీ నుంచి “స్పేర్ టైరా సార్?” అని వినపడింది. దానికీ నవ్వారు. 

ఆయన చేతికి ఒక అలవాటు ఉండేది. పాఠం మధ్యలో ఏదైనా మాట తగిలితే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దుతూ ఆగిపోయేవారు. ఖమ్మం మార్కెట్లో పత్తి కొనే సేటు దూదిని వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా లాగి చూస్తాడే, పింజ ఎంత పొడుగుందో తెలుసుకోవడానికి, అచ్చం అలా. వేళ్ళు ఆగితేనే మాట బయటికి వచ్చేది. అప్పటిదాకా ఎంతసేపైనా మేము కూర్చోవాల్సిందే. ఆయన వేళ్ళు రుద్దుతున్నారంటే వెనకవాళ్ళు కబుర్లలో పడేవారు.

క్లాసులో సగం మందిమి కోయ గూడేల పిల్లలం. మా దగ్గర కొత్త మనిషి గూడెంలోకి వస్తే కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ముందు ఏ ఊరు అంటారు, తర్వాత ఏ గట్టు అంటారు. గట్టు అంటే వంశం లాంటిది. అది తెలిస్తే వచ్చిన మనిషి అన్నదమ్ముల వరసో, బావల వరసో తేలిపోతుంది. అది తేలాకే మిగతా మాటలు. ఈ సంగతి ఎవరో చెప్పగానే సారు ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి పాఠంలో కొత్త మాట కనపడితే చాలు, పుస్తకం మూసేసి, “కూర్చోబెట్టండమ్మా. ఏ ఊరు? ఏ గట్టు?” అనేవారు. ఇది గ్రీకు గట్టుది, ఫ్రెంచి ఊళ్ళో పెరిగింది, ఇంగ్లీషువాళ్ళింటికి కోడలుగా వచ్చింది, అని ఆయన మొదలుపెడితే మాకు పాఠం గుర్తుండేది కాదు, సంబంధం మాత్రం గుర్తుండేది.

మా గదికి కిటికీలు ఉన్నాయి గానీ రెక్కలు లేవు. వాన పడితే ముందు బెంచీలు వెనక్కి, వెనక బెంచీలు గోడకు. అలాంటి ఒక వానలో తడుస్తూనే కిటికీ దగ్గర నిలబడి, ‘విండో’ అంటే గాలి కన్ను అని చెప్పారు. ఉత్తరపు సముద్రాల మీద తిరిగే ఓడలవాళ్ళు తెచ్చిన మాటట. ‘మజిల్’ అంటే చిట్టెలుక అని చెప్పినరోజు మగపిల్లలంతా చొక్కా చేతులు మడిచి, కండ బిగించి, చర్మం కింద ఎలుక పరుగెడుతోందో లేదో ఒకరిది ఒకరు పట్టి చూసుకున్నారు. బక్కోడు ఒకడు ఎంత బిగించినా ఏమీ కదల్లేదు. “నీది బొరియలో ఉందిరా, వస్తుందిలే” అన్నారు సారు.

అన్నిటికంటే పెద్ద పండుగ ‘బ్యాండికూట్’ రోజు. ఈ మాట ఏ ఊరిదో చెప్పినవాళ్ళకు తన టిఫిన్ డబ్బా ఇచ్చేస్తానన్నారు. లాటిన్ అన్నాం, గ్రీకు అన్నాం, తెలిసిన ఊళ్ళన్నీ అన్నాం. సారు వేళ్ళు రుద్దుకుంటూ అందరి ముఖాలూ చూసి, “మన పందికొక్కేరా!” అన్నారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గది కప్పు లేచిపోయింది. మా చేలల్లో వరి మొదళ్ళు కొరికి, మా నాన్నల చేత బూతులు తిట్టించుకునే పందికొక్కు ఓడెక్కి లండన్ పోయి నిఘంటువులో కూర్చుంది! అప్పటిదాకా ఇంగ్లీషు పుస్తకం తెరవాలంటే ఏదో పని పెట్టుకుని తప్పించుకునేదాన్ని. మన పందికొక్కు బతుకుతున్న చోట మనం బతకలేమా అని ఆ రోజు అనిపించింది. ఇది నవ్వులాటకు రాయడం లేదు, నా చదువు నిజంగా అక్కడే మొదలైంది.

పరీక్షలకు మాత్రం సారుతో కష్టమే. సమానార్థకాలు రాయమని పేపర్లో వస్తుంది కదా, అవి చెప్పమంటే ఆయనకు చిరాకు. “రెండు మాటలకు ఒకటే అర్థమైతే అందులో ఒకటి ఎప్పుడో తిండి లేక చచ్చిపోయేది. రెండూ బతికున్నాయంటే రెండింటికీ వేరే వేరే పనులున్నాయని” అనేవారు. ‘సీ’కీ ‘లుక్’కీ తేడా అడిగితే ఆయన నోటితో చెప్పరు. గుమ్మం బయటికి పోయి, మామూలుగా నడుచుకుంటూ వచ్చేవారు, మేము కంటపడితే అది ‘సీ’. ఆగి మా వైపు చూసేవారు, అది ‘లుక్’. తర్వాత తలుపు సందులోంచి తొంగిచూసేవారు, అది ‘పీప్’. కన్నార్పకుండా గుడ్లప్పగించేవారు, అది ‘స్టేర్’. వరండాలో పోతున్న అటెండరు ఈ వరస చూసి, ‘సారుకు ఏమన్నా అయిందా’ అని స్టాఫ్ రూములో అడిగాడట. ‘నైస్’ అన్న మాట మాత్రం ఎవరి నోట్‌బుక్కులోనూ రాయలేదు. అది ఒకప్పుడు ఏమీ తెలియని వెర్రిబాగులదనే అర్థంలో తిరిగిందని, ఇప్పుడు మంచి బట్టలు కట్టుకున్నా తనకు పాత ముఖమే కనపడుతుందని అనేవారు.

ఆయన నేర్పడమే కాదు, మా దగ్గర నేర్చుకునేవారు కూడా. చెట్ల పాఠం వచ్చినరోజు చాక్‌పీసు నా చేతికిచ్చి, చెట్టును ఏమేం చేస్తారో మీ మాటల్లో అన్నీ రాయమన్నారు. కొట్టడం, నరకడం, రెమ్మ తుంచడం, కొమ్మ దించడం, బెరడు ఒలవడం, చెక్కడం, బోర్డు నిండిపోయింది. ఆయన ఒక్కోదాని పక్కన ఇంగ్లీషు మాట వెతికి నిలబెట్టారు. కొమ్మలు మాత్రం కొడితే ‘లాప్’. చెట్టును మొదలంటా పడగొడితే ‘ఫెల్’. “ఇవి కలిపేయకండి. మొదటిదాంట్లో చెట్టు మళ్ళీ చిగురిస్తుంది” అన్నారు.

అప్పుడే అడవి మాటలు కూడా వచ్చాయి. ‘వుడ్’ పుల్లలేరుకునేవాళ్ళదట. ‘జంగిల్’ మన దేశం నుంచే పోయిందట, మొదట్లో దానికి చెట్టూచేమా గుబురు అన్న అర్థమే లేదు, నీళ్ళు తక్కువైన మెట్ట నేల అని అర్థమట. ‘ఫారెస్ట్’ దగ్గర ఆయన వేళ్ళు చాలాసేపు ఆడాయి. ఆ మాట మొదలు చెట్ల గురించి కాదని, ‘బయట’ అన్న మాటలోంచి వచ్చిందని చెప్పారు. రాజుగారు తన వేట కోసం పక్కన పెట్టుకుని, ఊరి కట్టుబాట్లకు బయట ఉంచిన నేల. 

నేను ఇంటికి పోయి నాన్నకు చెప్పాను, మనం ఉండేది బయటనట అని. నాన్న బీడీ ముట్టించుకుని, “ఎవలకు బయట?” అన్నాడు.

మర్నాడు ఆ ప్రశ్న సారుకు అప్పజెప్పాను. ఆయన వేళ్ళు రుద్దలేదు. నన్ను కూర్చోమని, కిటికీలోంచి గుట్టల వైపు చూశారు. “మీ నాన్నను నేను ఒకసారి చూడాలమ్మా” అన్నారు.

చూసే రోజు త్వరలోనే వచ్చింది. పోడు భూములకు పట్టాలిస్తారని గూడేలన్నీ గుసగుసలాడుతున్న కాలమది. పోడంటే అడవి అంచున చెట్టు కొట్టి, కాల్చి, సాగు చేసుకున్న చేను. మా చేను మా ముత్తాత కొట్టింది. అందులో కందులూ జొన్నలూ పండించుకుని బతికాం గానీ, అది మాదని చెప్పే కాగితం ముక్క మా దగ్గర లేదు. ఎప్పుడు ఎవరొచ్చి కందకం తవ్వి, ఇక లోపలికి రావద్దంటారో తెలియదు. మా అమ్మ విత్తనం వేసేటప్పుడు కూడా కోత కోస్తామో లేదోననే వేసేది. కొత్త చట్టం ప్రకారం, చేను పాతదేనని పైనుంచి వచ్చే ఆఫీసరుకు నమ్మకం కుదిరితే పట్టా వస్తుంది. కుదరకపోతే ఆశ వదులుకోవాల్సిందే. గూడెం మొత్తానికీ అదొక్కటే మాట అప్పుడు.

వచ్చే ఆఫీసరు ఉత్తరాది కుర్రవాడు, తెలుగు రాదు. అంతకుముందు వేరే పని మీద వచ్చిన ఒకాయన దగ్గర గూడెంవాళ్ళకు ఒక అనుభవం ఉంది. మా పెద్దాయన పొద్దెక్కేదాకా చెప్పిందాన్ని పక్కనుండి ఇంగ్లీషులో చెప్పే మనిషి రెండు ముక్కల్లో తేల్చేశాడు. “మనం బండెడు చెప్తే గుప్పెడు చేసి పెట్టిండు” అని నాన్న ఇంకా మండిపడేవాడు. అందుకే నన్నడిగాడు, “మీ ఇంగిలీషు సారు వస్తడా బిడ్డా?” అని.

సారు ఆదివారం మా ఇంటికి వచ్చారు. నులకమంచం మీద కూర్చుని, నీళ్ళు తాగి, తన ఊరూ ఇంటిపేరూ తనే ముందు చెప్పేశారు. నాన్నకు అది బాగా నచ్చింది.

“వస్తానండి. కానీ ఒక్క మాట. మీరు చెప్పిందంతా చెప్తాను. చెప్పనిది చెప్పను. మధ్యలో నా సొంత తెలివి వాడమంటే నా వల్ల కాదు” అన్నారు సారు.

“మాగ్గావాల్సింది గదే సారు. మా మాట మా మాటలెక్కనే పోవాలె” అన్నాడు నాన్న.

ఆఫీసరు వచ్చే రోజు తెల్లవారుతూనే గూడెంలో సందడి. మా దగ్గర పెళ్ళికైనా, పెద్ద చుట్టం వచ్చినా పచ్చి ఆకుల పందిరి వేస్తాం. అంత పెద్ద మనిషి మా చేను చూడడానికి వస్తుంటే ఎండలో నిలబెడతామా? మగవాళ్ళంతా అడవికి పోయి మంచి నేరేడు కొమ్మలు ఏరి తెచ్చారు. గుంజలకు నాలుగు లేత మద్ది చెట్లు కొట్టుకొచ్చారు. చేను గట్టు మీద పందిరి లేచేసరికి చూడముచ్చటగా ఉంది. ఆడవాళ్ళు కింద అలికి ముగ్గు పెట్టారు. మా అమ్మ నాటుకోడి వండింది. చేను పాతదేనా, అడవిని కొత్తగా కొడుతున్నామా అని చూడడానికి వచ్చే మనిషికి అడవి కొట్టి పందిరి వేస్తున్నామని ఒక్కరికీ, నాతో సహా ఒక్కరికీ, తట్టలేదు.

బస్సు దిగి నడిచి వచ్చిన సారు పందిరిని చూడగానే ఆగిపోయారు. చెయ్యి పైకి లేచింది, వేళ్ళు కదిలాయి.

“ఎప్పుడు వేశారండీ ఇది?”

“పొద్దుగాలనే సారు. వాడిపోతే బాగుండదు గద!” నాన్న గర్వంగా అన్నాడు.

సారు ఏదో అనబోయారు. ఇంతలో దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చేసింది.

ఆఫీసరు మంచివాడే. చిన్న వయసు, నమస్కారం పెట్టాడు, నవ్వాడు. పందిరి కిందికి రమ్మంటే మాత్రం రాలేదు. గుంజ దగ్గర వంగి కొట్టిన చోటు చూశాడు, ఇంకా తడిగా ఉంది. నవ్వు పోయింది. ఇవి ఎవరు ఫెల్ చేశారని ఇంగ్లీషులో అడిగాడు. సారు తెలుగులో అడిగారు.

నాన్న ముందుకొచ్చాడు. “మేమే కొట్టినం సారు! పొద్దుగాల అడవికి పోయి ఏరి ఏరి తెచ్చినం. ఆఫీసరు సారు ఎండల నిలవడొద్దని.” వెనక అందరూ అవ్, అవ్ అంటూ నవ్వుముఖాలతో తలలూపారు.

సారు వేళ్ళు రుద్దుతున్నారు. అక్కడ ఇంగ్లీషు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. ‘తెచ్చారు’ అని ఒక్క మాటంటే అయిపోయేది. ఎక్కడినుంచో తెచ్చారు, ఎవరు అడగొచ్చారు! సారు ముందు కొమ్మలు చూపించి ‘లాప్’ చేశారన్నారు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత గుంజల దగ్గరికి నడిచి, ఒక్కోదాని మీదా చెయ్యి వేసి, వీటిని మాత్రం ‘ఫెల్’ చేశారన్నారు. ఆఫీసరు రాసుకున్నాడు.

ఇంగ్లీషు రాకపోయినా ఆ చెయ్యి వేయడం గూడెం మొత్తానికి అర్థమైంది. నవ్వుముఖాలు మాడిపోయాయి. ఆ తర్వాత సారు ఆఫీసరుతో ఇంకా చాలాసేపు మాట్లాడారు. నేను తప్ప ఎవరూ వినలేదు. అందరి కళ్ళూ గుంజల మీదే. ఆఫీసరు చేను చుట్టూ తిరిగాడు, చేను మధ్యలో వదిలేసిన పాత ఇప్పచెట్ల కింద నిలబడ్డాడు, మా ముత్తాత సంగతులు సారు ద్వారా అడిగాడు. పోయేటప్పుడు సారుకు చెయ్యి కలిపి జీపెక్కాడు.

దుమ్ము సర్దుకున్నాక నాన్న సారు వైపు చూడకుండానే, “సారుకు బస్సు టైమైతాంది. జల్దీ తోలిరా పో” అన్నాడు నాతో. అమ్మ విస్తరాకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా గూడెంలో వచ్చిన మనిషిని తినకుండా పంపడం నేను చూడడం అదే మొదలు. సారు చెప్పులు తొడుక్కున్నారు.

రోడ్డు దాకా సారు వెంట నడిచాను. బస్సు కనపడే వేళకు నేనే ఉండబట్టలేక, “తెచ్చిన్రు అంటే సరిపోతుండె గద సార్?” అన్నాను.

“సరిపోయేది” అన్నారు. “ఆయన కళ్ళ ముందే ఆ గుంజ తడిగా ఉందమ్మా. నేను దాన్ని దాచితే, నీ ముత్తాత మాట చెప్పినప్పుడు దాన్ని కూడా ఏదో దాచుతున్నాడనే అనుకునేవాడు.” బస్సు దగ్గరికొచ్చింది. “నాకు అలా అనిపించింది. నిజమో కాదో తెలియదు. పట్టా రాకపోతే మీ నాన్నకు నా ముఖం చూపించలేను” అంటూ ఎక్కారు. కిటికీ సీటు కోసం ఆ రోజు తోసుకోలేదు.

ఇంటికి తిరిగొచ్చాక, సారు గుంజలు ముట్టుకున్నాక ఏం మాట్లాడారో చెబుతానన్నాను. “నీ సారు ముచ్చట నాకు జెప్పకు” అన్నాడు నాన్న. పందిరి ఎండిపోయేదాకా ఎవరూ విప్పలేదు. ఆ నెలల్లో గూడెంలో నాతో కూడా మాటలు తగ్గాయి, ఆయన శిష్యురాలినని. క్లాసులో సారు పాఠం చెప్పేవారు గానీ, మాటలను కూర్చోబెట్టడం మానేశారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. లెక్కల సారు ఒక్కరే సంతోషించారు.

చివరికి పట్టాలు వచ్చాయి. దున్నుకునే దానికంటే తక్కువే రాశారు, అయినా ముత్తాత కొట్టిన చేను మాత్రం మొత్తంగా మాకే వచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని పసుపు బొట్టు పెట్టి బియ్యపు గరిసెలో దాచింది. సారు చెప్పినా వచ్చిందని కొందరు, చెప్పినందుకే వచ్చిందని కొందరు, మా గూడెంలో ఈ తగువు ఇప్పటికీ తేలలేదు. నాన్న ఏ పక్షమో ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ ఏడు కోతయ్యాక ఒక సంచి కందులు కట్టి, “కాలేజీకి పోతవు గద, మీ సారుకియ్యి” అన్నాడు. ఏమని చెప్పాలి అంటే, “ఏం జెప్పొద్దు. ఇయ్యి, అంతే” అన్నాడు. సారు సంచి విప్పి, గుప్పెడు కందులు చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య రుద్ది చూశారు. ఆ రోజు క్లాసులో ఒక మాటను కూర్చోబెట్టి మళ్ళీ ఊరు అడిగారు. ఆ తర్వాత నేను చదువుకు ఊరు దాటినా, ఉద్యోగంలో చేరినా, ప్రతి ఏడూ కందులు పోతూనే ఉన్నాయి. వాళ్ళిద్దరూ మాత్రం మళ్ళీ ఎదురుపడలేదు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, “బ్యాంకంటే బల్లమ్మా. ఇటలీలో వడ్డీవాళ్ళు వేసుక్కూర్చునే బల్ల. నువ్విక బల్లకు అటువైపు కూర్చుంటావు, ఇటువైపు నిలబడ్డవాళ్ళతో మెల్లగా మాట్లాడు” అన్నారు.

మెసేజ్ వచ్చిన ఆ వారం సెలవు పెట్టి గూడెం పోయాను. నాన్న వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు.

“నాన్నా, మా ఇంగిలీషు సారు పోయిండు.”

కత్తి ఆగింది. వెదురు వైపే చూస్తూ అడిగాడు. “ఆ దినం, గుంజలు ముట్టుకున్నంక శానసేపు మాట్లాడిండు గద. ఏం జెప్పిండు బిడ్డా మన గురించి?”

“అప్పుడే చెప్తనంటే వినకపోతివి.”

“ఇప్పుడు చెప్పు.”

చెప్పాను. “తప్పు చేసినోడు దాసుకుంటడు సార్, వీళ్ళు దాంతోనే మీకు నీడ కట్టిన్రు, అన్నడు. వీళ్ళ చేన్లకు ఎవరొచ్చినా ముందు నీడ, తర్వాత అన్నం, వచ్చిన పనేందో ఆ తర్వాతనే అడుగుతరు, అన్నడు. మీరు వీళ్ళ తప్పు వెతకనీకె వచ్చిన్రని తెలిసి కూడ మిమ్మల్ని చుట్టంలెక్కనే చూసిన్రు, అన్నడు. ఈ గుంజలు మేమే కొట్టినమన్న నోరే, ఈ చేను మా తాత చేసిండని చెప్తది. ఆ మొదటి మాటల నేనేం తగ్గియ్యలే, ఆ రెండో మాటల ఏం కలపను, అన్నడు.”

నాన్న కత్తి కింద పెట్టాడు. “ఇంగిలీషుల చెప్పు ఒకసారి. ఆయన చెప్పినట్టే.”

నేను లేచి నిలబడి, గుర్తున్నంత మేరకు, సారు మాటలు సారు చెప్పినట్టే చెప్పాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాన్న తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

“ఎన్ని కందులు పంపితే ఏంది బిడ్డా” అన్నాడు. “ఆ దినం అన్నం పెట్టకుంట పంపితిని.”